చచ్చేవాని నోట నిజం: విలన్ మీద మోజు, దాని వెనక కులం

మా రామారెడ్డి దిక్కు ఊర్లల్ల చిందు భాగోతం చూసినోళ్లకు ఒక సంగతి ఎరికే. ప్రహ్లాద ఆట ఉన్న రాత్రి పిల్లలు నిద్ర ఆపుకొని కూసునేది ప్రహ్లాదుని కోసం కాదు, హిరణ్యకశిపుని కోసం. పిల్లవాడు వచ్చి హరినామం చేస్తుంటే పెద్దమనుషులు దండం పెడ్తరు గానీ జనంల కదలిక రాదు. ముఖానికి అర్దళం పూసుకొని, కర్ర కిరీటం, భుజకీర్తులు పెట్టుకొని, గజ్జెల కాళ్లతోటి ఆ రాక్షస రాజు దునికిండంటే అప్పుడు ఆట మొదలైనట్టు. నరసింహుడొచ్చి ఆయన కడుపు చీలుస్తడని చిన్న పిల్లగానికి గూడ తెలుసు. తెలిసి గూడ ఆయన కోసమే కూసుంటరు. ఎందుకు?

ఇది ఒక్క భాగోతం సంగతే కాదు. నవలల్ల, సినిమాల్ల మంచితనం తప్ప మరేమీ లేని నాయకుని కంటె, తప్పు చేస్తూ గూడ ఒక బాధ, ఒక కారణం, ఒక ప్రేమ ఉన్న ప్రతినాయకుడే మనసుల నిలుస్తడు. మంచీ చెడ్డా కలగలిసిన ఇసుంటి విలన్‌ను మెచ్చుకోవడం ఇయ్యాల ఒక అభిరుచిగా మారింది. 'విలన్‌కు లోతు ఉంది' అంటే కథ గొప్పదని లెక్క. ఆ లెక్క పూర్తిగా తప్పేం కాదు. కాకపోతే దళిత దృక్పథం నుంచి చూసినప్పుడు రెండు ప్రశ్నలు మిగుల్తయి. ఆ లోతు ఎవరికి దొరుకుతున్నది, ఎవరికి దొరకడం లేదు? విలన్ నోటి నుంచి వచ్చే నిజం, విలన్ చచ్చినంక ఏమైతున్నది? ఈ వ్యాసం ఆ రెండు ప్రశ్నల చుట్టూ తిరుగుతది.

మోజు ఎక్కడినుంచి వస్తది

ముందు మోజును అర్థం చేసుకోవాలె. దీనికి మూడు కారణాలు కనబడ్తయి.

మొదటిది, కథను నడిపేది విలనే. నాయకుడు చాలాసార్లు ఉన్న ధర్మాన్ని కాపాడేటోడు. ఉన్నదాన్ని కాపాడేటోనికి కొత్తగ చేసే పని తక్కువ. ఉన్నదాన్ని కదిలించేటోడు ప్రతినాయకుడు. రావణుడు సీతను ఎత్తుకపోకుంటె అరణ్యవాసం పద్నాలుగేండ్లకు చప్పుడు లేకుండ ముగిసేది.

రెండోది, నాయకుడు అనలేని మాట విలన్ అంటడు. నాయకుని నోటికి మర్యాద తాళం ఉంటది. పెద్దలను, గురువులను, దేవుళ్లను ప్రశ్నించే హక్కు ఆయనకు లేదు. విలన్‌కు ఎట్లాగూ చెడ్డపేరు వచ్చింది కాబట్టి ఆయన ప్రశ్నించవచ్చు. మనం లోపల్లోపల గొణుక్కునే ప్రశ్న ఆయన గొంతెత్తి అడుగుతడు.

మూడోది అన్నిటికంటె ముఖ్యమైంది. ఆయన చస్తడు. ఆయన చస్తడని ముందే తెలుసు కాబట్టే మనం ధైర్యంగ ఆయన పక్కన నిలబడ్తం. రెండు గంటలు ఆయనతోటి కలిసి దేవుని తిట్టి, ఆఖరుకు దేవుడే గెలిస్తే టెంకాయ కొట్టి ఇంటికి పోతం. తిరుగుబాటు రుచి దక్కుతది, తిరుగుబాటు ఖర్చు మాత్రం మన మీద పడదు. పాలకవర్గ సంస్కృతి విలన్‌కు అంత స్వేచ్ఛ ఎందుకిచ్చిందో ఇక్కడ పట్టుకోవాలె. నిజాన్ని పూర్తిగా మూసేస్తే పగుల్తది. చచ్చేవాని నోట పెడితే నిజం బయటికొస్తది, వానితోనే కాలిపోతది.

రాత్రి రాజు, పొద్దున ఎవలు?

ఈ సంగతి మన దగ్గరి చిందు కళాకారుని కంటె బాగ తెలిసినోళ్లు లేరు. చిందులు మాదిగలకు ఆశ్రిత కులం. మాదిగలు ఇచ్చే కట్నం మీద, మిరాశి హక్కున్న ఊర్ల మీద ఆధారపడి బతికినోళ్లు. భాగోతం ఆడిన రాత్రి ఆ కళాకారుడు మూడు లోకాల రాజు. విష్ణువును పేరు పెట్టి సవాల్ చేస్తడు, ఇంద్రున్ని గడగడ వణికిస్తడు. ఆ ఊరి గుళ్లెకు రానియ్యని మనిషి అదే ఊరి నడుమ నిలబడి 'దేవుడెక్కడ' అని అడుగుతడు. అడిగితె అందరు ఈలలేస్తరు.

తెల్లారినంక కిరీటం మూటల పోతది. నిన్న రాత్రి ఈల వేసినోళ్ల వాకిట్లనే అదే మనిషి దూరంగ నిలబడి కట్నం అడుగుకోవాలె. వేషంల ఉన్నంతసేపే ఆయనకు ప్రశ్నించే హక్కు. వేషం తీస్తే కులం మళ్ల తయారు.

బోధన్ ప్రాంతపు చిందు ఎల్లమ్మ 2005ల కన్నుమూసేదాంక మగ వేషాలు, ఆడ వేషాలు రెండూ కట్టి జనాన్ని మెప్పించింది. జనగామ దిక్కు గడ్డం సమ్మయ్యకు చిందు యక్షగానానికి 2024ల పద్మశ్రీ వచ్చింది. ఈ గౌరవాలు సంతోషమే. కాని ఒక మాట గుర్తుంచుకోవాలె. విలన్ పాత్రకు లోతు ఇవ్వడం సినిమా రచయితలు నిన్న మొన్న కనిపెట్టిన విద్య కాదు. అక్షరం దూరం చేయబడ్డ చిందోళ్లు ఏ ఇరవై మందో కూసున్న వాడకట్టుల గూడ, కొడుకును చంపమని చెప్పిన రాజు కండ్లల్ల నీళ్లు తిరిగేది చూపించిండ్రు. ఆ విద్య ఎవరిదో సినిమా చరిత్రలల్ల రాయలేదు, అంతే.

ధర్మసూక్ష్మం ఎవరికి, పాపం ఎవరికి

కాలభైరవ స్వామి గుడితోటి రామారెడ్డికి చుట్టుపక్కల పేరు. ఆ దేవుని కథ చూడుండ్రి. భైరవుడు బ్రహ్మ అయిదో తల నరికిండు. బ్రహ్మహత్య దోషం అంటుకుంది. పుర్రె చేతికి అతుక్కొని, దాన్ని పట్టుకొని లోకమంత తిరిగి కాశీల విడిపించుకున్నడు. అంటే తప్పు చేసినా, దోషం మోసినా, దేవుడు దేవుడే. ఆయనకు గుడి ఉంది, జాతర ఉంది. అదే పని ఒక అసురుడు చేసుంటే కథ ఇంకో తీరుగ ఉండేది.

రాముడు చెట్టు చాటు నుంచి వాలిని కొడితే దానికి సమాధానం ఉంది. తపస్సు చేసిన శంబూకుని తల నరికితే దానికీ సమాధానం ఉంది. నాయకుని తప్పుకు ధర్మసూక్ష్మం అని పేరు, ప్రతినాయకుని తప్పుకు పాపం అని పేరు. కాబట్టి 'సంక్లిష్టత' అనేది ఒక పాత్రల సహజంగ ఉండే గుణం కాదు. కథ చెప్పేటోడు పంచిపెట్టే సొమ్ము. ఎవరి తప్పుకు కారణం వెతకాలె, ఎవరి తప్పును అట్లనే వదిలెయ్యాలె అన్నది ముందే నిర్ణయమై ఉంటది.

మన పూర్వీకులు ఈ పంపకాన్ని ప్రశ్నించకుండ ఊకోలేదు. మహాత్మా ఫూలే 1873ల 'గులాంగిరీ' రాసి, వామనుడు తొక్కిన బలి చక్రవర్తిని ప్రజల రాజుగ నిలబెట్టిండు. తెలుగుల త్రిపురనేని రామస్వామి చౌదరి 'శంబుక వధ' నాటకం రాసి, వధ్యుని వైపు నుంచి కథను తిప్పిండు. వీళ్లు చేసింది విలన్‌కు కొంచెం లోతు ఇవ్వడం కాదు. విలన్ అన్న ముద్ర ఎవరు వేసిండ్రు అని అడగడం. ఈ రెండిటికీ చానా తేడా ఉంది. మొదటిది పాత తీర్పును ఉంచి శిక్షకు జాలి కలుపుతది. రెండోది తీర్పునే తిరగతోడ్తది.

అయితే ఇక్కడ మనం గూడ జాగ్రత్తగ ఉండాలె. ఓడినోడల్లా మనోడు కాదు. పురాణం లెక్క ప్రకారం రావణుడు విశ్రవసుని కొడుకు, బ్రాహ్మణుడే. ఆయన పది తలల పాండిత్యాన్ని పొగిడేటోళ్లల్ల కొందరు ఆ పుట్టుకను చూసే పొగుడుతరు. రామునికి ఎదురుగ ఉన్నడని గుడ్డిగ జెండా పట్టుకుంటె మనకు దక్కేది ఇంకొక రాజు, అంతే. ఎదురు తిరిగినోడు ఎవరి కోసం తిరిగిండు అన్నదే గీటురాయి.

దుర్యోధనుని ప్రశ్న

ఈ గీటురాయి మీద తెలుగు జనం గుండెల్ల గుడి కట్టుకున్న ఒక విలన్‌ను పెట్టి చూద్దాం. 1977 సంక్రాంతికి 'దానవీరశూర కర్ణ' వచ్చింది. ఎన్.టి.రామారావు తనే దర్శకత్వం చేసి, కృష్ణుడు, కర్ణుడు, దుర్యోధనుడు మూడు వేషాలూ వేసిండు. సంభాషణలు కొండవీటి వెంకటకవి రాసిండు. అండ్ల దుర్యోధనుని మాటలు క్యాసెట్లయి పెండ్లిండ్లల్ల, హోటళ్లల్ల మోగినయి. ఊరూర పిల్లలు ఊపిరి బిగబట్టి అప్పజెప్పిండ్రు. వెలివాడల్ల గూడ అప్పజెప్పిండ్రు.

ఎందుకంటె ఆ రంగస్థలం సీనుల అడిగిన ప్రశ్న మనది. విద్యల పోటీకి వచ్చిన కర్ణుని కులం అడిగి ఆపుతరు. అప్పుడు దుర్యోధనుడు లేచి, సభల కూసున్న పెద్దల పుట్టుపూర్వోత్తరాలు ఒక్కొక్కటే లెక్కపెట్టి, కులం ఏనాడో కలిసిపోయిందని నిలదీస్తడు. బడిల, ఆఫీసుల, ఇంటర్వ్యూల దగ్గర పుట్టుక అడిగించుకున్న ప్రతి పిల్లవానికి ఆ మాటలు వింటుంటే రోమాలు నిక్కబొడుస్తయి. అది అబద్ధపు ఆనందం కాదు. నిజం నిజమే, ఎవరి నోట వచ్చినా.

కాని తర్వాత ఏం జరిగింది? దుర్యోధనుడు పోటీ మైదానాన్ని అందరికీ తెరవలేదు. కర్ణునికి అంగరాజ్యం ఇచ్చి రాజును చేసిండు. అంటే రాజులే పోటీ చెయ్యాలన్న నియమం చెక్కుచెదరలేదు. ఒక్క మనిషి మాత్రం గీత దాటి అవతలికి పోయిండు. అది గూడ అర్జునున్ని ఎదిరించేటోడు దుర్యోధనునికి అవసరం కాబట్టి. అదే గురువు దగ్గర బొటనవేలు కోల్పోయిన ఏకలవ్యుని కోసం ఏ దుర్యోధనుడూ సభల లేవలేదు. పుట్టుక అవమానాన్ని అంత బాగ తెలిసిన ఆ దుర్యోధనుడే ఒక ఆడమనిషిని సభకు ఈడ్పించిండు. కర్ణుడు దానికి వంత పాడిండు. సంక్లిష్ట పాత్ర అంటె ఇదీ. ఆయన ప్రశ్న మనది, ఆయన లెక్క మాత్రం ఆయనది. ప్రశ్నను తీసుకోవాలె, మనిషిని మొయ్యనక్కరలేదు.

ఇది మన దేశపు కథలకే పరిమితం కాదు. షేక్‌స్పియర్ 'వెనిస్ వర్తకుడు'ల షైలాక్ అనే యూదుడు విలన్. మాకు రక్తం లేదా, నొప్పి లేదా అన్న అర్థంల ఆయన చేసిన వాదన ఇయ్యాలటికీ ప్రపంచం చెప్పుకుంటది. నాటకం చివర మాత్రం ఆయన ఆస్తి పోతది, బలవంతంగ మతం మార్పిస్తరు, అందరు నవ్వుకుంట ఇంటికి పోతరు. 2018ల వచ్చిన హాలీవుడ్ సినిమా 'బ్లాక్ పాంథర్'ల కిల్‌మాంగర్ అంతే. బానిసత్వం గురించి, నల్లజాతి పిల్లల అనాథ బతుకుల గురించి సూటిగ మాట్లాడేది అతనే. మంచి రాజు చేతిల చచ్చేదీ అతనే. అతను చచ్చినంక రాజు కొంత మారుతడు, అది కాదనలేం. కాని మార్పు తెచ్చిన పేరు రాజుకు, హింస చేసిన పేరు అతనికి దక్కింది.

పరువు తండ్రులు

మళ్ల హిరణ్యకశిపుని దగ్గరికి వద్దాం. ఆయనల ఒక తిరుగుబాటుదారు ఉన్నడు అన్నది ఒక చూపు. ఇంకొక చూపు గూడ ఉంది. ఆయన తన మాట వినని బిడ్డను చంపించబోయిన తండ్రి. 1967 'భక్త ప్రహ్లాద'ల ఎస్.వి.రంగారావు ఆ తండ్రిని ఎట్ల చేసిండంటే, కొడుకు మీద పావురం, కొడుకు ధిక్కారం మీద కోపం రెండూ ఒకే ముఖం మీద కనబడ్తయి. ప్రేమిస్తడు, చంపుమంటడు. ఆ ముఖాన్ని మనం అర్ధ శతాబ్దంగ మెచ్చుకుంటున్నం.

ఆ తండ్రి ఇయ్యాలటి సినిమాల కొత్త బట్టలేసుకొని వచ్చిండు. 2018 మార్చిల వచ్చిన సుకుమార్ 'రంగస్థలం' తీసుకోండి. ఊరిని పట్టి పీడించే ప్రెసిడెంటు ఫణీంద్ర భూపతి కండ్లముందర కనబడే విలన్. కాని చివరికి తేలేదేంటంటే, చిట్టిబాబు అన్న కుమార్‌బాబును చంపించింది ప్రెసిడెంటు కాదు, మర్యాదస్తుడు, అండగ నిలబడ్డ నాయకుడు దక్షిణామూర్తి. తన బిడ్డ తక్కువ కులపోన్ని ప్రేమించిందని. ఈ మలుపు తెలుగు వ్యాపార సినిమాల అరుదైంది. కులం గడీల, మీసాల, కొరడాల మాత్రమే ఉండదు, చదువుకున్న మనిషి చిరునవ్వు వెనక గూడ ఉంటదని అది చెప్పింది. ఆ తండ్రికి ప్రేక్షకుని జాలి దొరక్కుంట కథ జాగ్రత్త పడ్డది. మంచితనం ముసుగు తీసి చూపించింది గానీ ముసుగుకు మొక్కలేదు.

2021ల వచ్చిన 'ఉప్పెన' దారి వేరు. అండ్ల విజయ్ సేతుపతి వేసిన రాయనం, పరువు పిచ్చితోటి బిడ్డ ప్రేమించిన మత్స్యకార పిల్లవాని మగతనాన్ని తీసేయిస్తడు. చివర్ల బిడ్డ ఎదురు నిలబడి తండ్రిని మాటలతోనే ఓడగొడ్తది, నిజమే. కాని సినిమా నుంచి బయటికి వచ్చినోళ్లు ఎక్కువ మాట్లాడుకున్నది ఎవరి గురించి? రాయనం నడక గురించి, చూపు గురించి. క్రూరత్వానికి ఒక ఠీవి వచ్చింది. లోతు ఇచ్చే క్రమంల విలన్‌కు అందం అబ్బుతది. ఇది కథకుని చేతిల ఉండి గూడ చేయి జారే విషయం.

ఇదంత తెర మీది సంగతే కదా అనుకోవడానికి వీల్లేదు. 2018 సెప్టెంబర్ 14న మిర్యాలగూడల ప్రణయ్ అనే దళిత యువకున్ని, గర్భవతి అయిన భార్య కండ్ల ముందర, ఆసుపత్రి వాకిట్ల నరికిండ్రు. చంపడానికి సుపారీ ఇచ్చింది అమ్మాయి తండ్రి అని కేసు. అటెన్క ఏం మాటలు వినబడ్డయో మనకు యాదికుంది. 'కన్న తండ్రి కడుపు మంట', 'అల్లారుముద్దుగ పెంచిండు', 'తండ్రి మనసు ఎవరికి అర్థమైతది'. 2020 మార్చిల ఆ తండ్రి ఆత్మహత్య చేసుకుంటే ఆ జాలి ఇంకింత పెరిగింది. 2025 మార్చి 10న నల్గొండ కోర్టు ఒకరికి ఉరిశిక్ష, ఆరుగురికి యావజ్జీవం వేసింది. కోర్టు తీర్పు చెప్పడానికి ఆరున్నరేండ్లు పట్టింది. జనంల చాలమంది తీర్పు చెప్పడానికి ఒక్క రోజు గూడ పట్టలేదు. వాళ్లకు ఆ తండ్రి అప్పటికే తెలిసిన పాత్ర. సినిమాల చూసిన పాత్ర.

సినిమా చూసి హత్య చేసిండ్రని నేను అనడం లేదు. కులం సినిమా కంటె పాతది. నేననేది వేరే. చంపినోని మనసు అర్థం చేసుకోవడానికి మనకు భాష ఉంది. పురాణం నుంచి సినిమా దాంక తయారైన భాష. చచ్చినోని మనసు అర్థం చేసుకోవడానికి అంత భాష లేదు.

లోతు పంపకం

అసలు విషయం ఇక్కడుంది. దొరకు గతం ఉంటది, బిడ్డ మీద ప్రేమ ఉంటది, పరువు ఉంటది, ఒంటరిగ ఉన్నప్పుడు ఒక కన్నీటి చుక్క ఉంటది. మరి దళిత పాత్రకు? చాలా కథల్ల రెండే గదులు. ఒకటి మంచి బాధితుడు. చదువుకున్నోడు, నెమ్మదస్తుడు, ఎవరినీ పల్లెత్తు మాట అననోడు. ఏ తప్పూ లేకుంటెనే అతని చావుకు మనం ఏడుస్తం. రెండోది పేరు లేని రౌడీ. నల్లటి ఒళ్లు, బస్తీ యాస, నాయకుని ఒక్క దెబ్బకు గాల్లెకు ఎగిరిపోయేటోడు. వాడు ఎందుకు రౌడీ అయిండు అని ఎవరూ అడగరు.

కోపం, అసూయ, ఆశ, పిరికితనం, తప్పు చేసి నిద్రపట్టక పొర్లాడడం ఇవన్నీ మనుషుల సొత్తు. అవి కొన్ని కులాల పాత్రలకే ఇస్తే, మిగిలినోళ్లు మనుషులు కారని చెప్పినట్టే. దళితున్ని విలన్‌గ చూపిస్తే అవమానం అని మనం గూడ ఒక్కోసారి కొట్లాడినం. అది న్యాయమైన కొట్లాటే, ఎందుకంటె చూపించే పద్ధతి అంత నీచంగ ఉండేది. కాని దేవుని లెక్క చూపించడం దానికి మందు కాదు. తప్పు చేసే హక్కు, తప్పుకు కారణం చెప్పుకునే హక్కు, చెప్పుకున్నంక గూడ బతికి ఉండే హక్కు కావాలె.

టీచర్లు, విద్యార్థులు ఏ కథ చదివినా, ఏ సినిమా చూసినా నాలుగు ప్రశ్నలు వేసుకోవచ్చు. ఈ విలన్ తప్పుకు కారణం ఎవరు వెతికి పెట్టిండ్రు? ఆయన గొప్పతనానికి ధర చెల్లించింది ఎవరు, వాళ్లకు కథల పేరు ఉందా? ఆయన అడిగిన ప్రశ్నకు జవాబు వచ్చిందా, చావుతోటి ముగిసిపోయిందా? చివరికి మనం ఎవరి కోసం కన్నీళ్లు పెట్టినం? తరగతిల 'దానవీరశూర కర్ణ' మీదనో 'రంగస్థలం' మీదనో ఈ ప్రశ్నలు వేసి చూడండి. పిల్లలు మనకంటె ముందే జవాబుల దాక పోతరు.

జాంబవుడు చావడు

చిందోళ్ల దగ్గర హిరణ్యకశిపుడు ఒక్కడే లేడు. మాదిగవాడ ముందర వాళ్లు ఆడే జాంబపురాణం ఉంది. అండ్ల జాంబవుడు బ్రాహ్మణునితోటి ఎదురెదురుగ నిలబడి వాదిస్తడు. భూమి పుట్టక ముందే నేను పుట్టిన, ఎవలు పెద్ద, ఎవలు చిన్న, అంటు ఎక్కడినుంచి వచ్చింది అని అడుగుతడు. దుర్యోధనుడు అడిగినదానికంటె లోతైన ప్రశ్నలే అవి. కాని ఇక్కడ ఒక తేడా ఉంది. జాంబవుడు రాక్షసుడు కాదు. ప్రశ్న అడిగినందుకు ఆయన్ని చంపడానికి ఏ స్తంభం పగలదు. ఆయన తెలివి గలవాడు, ఎక్కిరిస్తడు, అలుగుతడు, నవ్విస్తడు, ఆట అయిపోయినంక గూడ బతికే ఉంటడు.

లోతున్న విలన్ మీద మోజు తప్పు కాదు. మన ప్రశ్న ఎక్కడ దాక్కుందో అది చూపిస్తది. కాని చచ్చేవాని నోట నిజం విని చప్పట్లు కొట్టుడు అలవాటైతే, నిజం చెప్పినోడు చావాల్సిందే అన్న నియమం గూడ అలవాటైతది. ఒకే చిందు మేళం ఒక రాత్రి హిరణ్యకశిపున్ని ఆడి చంపింది, ఇంకో రాత్రి జాంబవున్ని ఆడి బతికించింది. మొదటి ఆటను సినిమా తీసుకపోయి కోట్లు సంపాదించింది. రెండో ఆట ఇంకా వాడకట్టులనే ఉంది. ఇక రాయాల్సినోళ్లు మనమే.